చెట్టెక్కిన అడవిపంది

అడవిపందిని తరమడానికి ఒక కాలముంటుందని మొన్నటి శ్రావణమాసం దాకా మా ఊళ్లో ఎవరికీ తెలియదు. చేన్లో పంది పడితే కుక్కను ఉసికొల్పేది, అది వంక దాటేదాకా కేకలేసేది, ఇంతే మాకు తెలిసిన విద్య. నాకు డెబ్బయి రెండేండ్లు. అందులో అరవై ఏండ్లు పందుల్ని తరిమినాను. అన్నీ తప్పు కాలంలోనే తరిమినానని ఆఫీసు వాళ్లు చెప్తే గాని నాకు తెలిసిరాలేదు. ఏం చేస్తాం, మా కాలంలో ఇంత చదువు లేదు.

మాది ఎర్రకొట్టాల. వాన పడితే చెనిక్కాయ వేస్తాం, పడకపోతే ఆకాశం చూస్తాం. మాకు మూడెకరాలు, వంకగట్టున. మా కొడుకు బోరుబండి మీద పనికి పోయి యే రాష్ట్రంలో భూమికి బొక్క పెడుతున్నాడో వాడికే తెలియాల. అందుకని ఈయేడు సేద్యమంతా మా కోడలు రెడ్డెమ్మదే. విత్తనం కాయ కాయా చేత్తో ఏరింది, గుంటక తోలింది, రెండు దఫాలు కలుపు తీసింది. చేను గూడా ఆ పిల్ల కష్టం చూసి జాలిపడినట్టు కాసింది.

"ఈ కాపు ఇంటికొస్తే యేడాది తిండికీ, మళ్లీ విత్తనానికీ ఢోకా లేదత్తా. పందులు తిన్నాయంటే మాత్రం నేను బెంగుళూరు ఇటుకబట్టీకి పోవాల్సిందే" అనింది ఒకనాడు మంచె మీద కూర్చుని. నవ్వుతానే అనింది గాని, కండ్లు మాత్రం చేను మీదనే ఉన్నాయి.

ఆ చేనికి కాపలా మా కుక్క. వాని పేరు బూడిదోడు. పొయ్యిగడ్డ బూడిదలో పండుకోనే అలవాటు. పుట్టినప్పుడు ఏ రంగులో ఉన్నాడో ఇప్పుడెవరికీ గుర్తులేదు.

కుక్కను పంది మీదికి తయారుచేసేది ఒక్కో పక్క ఒక్కో తీరు. నా పుట్టినిల్లు కొండకింద పల్లె. అక్కడ కుక్కపిల్లకు ఇంట్లో ముద్ద పెట్టరు. చేనిగట్టు మీదనే సంగటి పెడతారు. ఎక్కడ తిన్నదో అది తన ఇల్లనుకుంటుంది, ఇంక ఎవర్నీ రానీదు. ఏటిపక్క చెరుకు వేసేవాళ్లు పిల్లనూ ముసలికుక్కనూ ఒకే తాడుకు కడతారు. ముసలిది ఎటు లాగితే పిల్ల అటు పోవాల. మిట్ట మీద రాగి పండించే ఊళ్లలో పంది అడుగు పడిన గుంటలో మజ్జిగ పోసి నాకిస్తారు. మా చిన్నమ్మ అట్లా తయారుచేసిన కుక్క ఒకటి ముసలితనంలో మజ్జిగ కనపడిన ప్రతి ఇంటి ముందరా పంది కోసం మొరిగేది. అది వేరే కథ.

పందులు పడే కాలం గూడా అంతే. ఏటిపక్క చెరుకు తీపెక్కినప్పుడు, మిట్టన రాగి వెన్ను పాలు పోసుకున్నప్పుడు, మాకు చెనిక్కాయ ఊరినప్పుడు. ఎప్పుడు ఎక్కడికి పోవాల్నో పందులే చూసుకునేవి. శ్రావణంలో సర్కారు ఆ పెత్తనం పందుల చేతిలో నుంచి తీసేసుకుంది.

నోటీసు తెచ్చింది మస్తానయ్య. పక్క ఊరివాడే. కొత్తగా పెట్టిన పంటరక్షణ శునక విభాగంలో అటెండరు. రచ్చబండ మీద నిలబడి చదివినాడు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, అడవిపందులను శునకములచే తరుము కార్యక్రమమును శాస్త్రీయముగా నిర్వహించు నిమిత్తము రాష్ట్రమును పదకొండు ప్రాంతములుగా విభజించడమైనది. ప్రతి ప్రాంతమునకు శిక్షణ కాలము, తరుము కాలము అని రెండు కాలములు గలవు. శిక్షణ కాలమందు శునకము తాడున కట్టబడి, పందిని చూడవచ్చును, వాసన చూడవచ్చును, తరుమరాదు. అతిక్రమించిన శునకము స్వాధీనము చేసుకొనబడును."

"మనది ఎన్నో ప్రాంతమప్పా?" అనింది రెడ్డెమ్మ.

"వంకకు ఈపక్క మూడో ప్రాంతమక్కా. శ్రావణం నుంచి కార్తీకం దాకా శిక్షణ. ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా తరమచ్చు."

మా కోడలు నా మొగం చూసింది. నేను దాని మొగం చూసినాను. ఫాల్గుణంలో మా చేన్లో ఉండేది దుమ్ము. ఆ దుమ్ములో ఏ పందీ అడుగుపెట్టగా నేను ఇంతవరకు చూడలేదు.

"వంకకు ఆపక్కో?"

"ఆపక్క నాలుగో ప్రాంతం. అక్కడ ఇప్పుడే తరుము కాలం."

ఆపక్క గుట్ట. రాళ్లు, లంటానా కంప తప్ప గడ్డిపరక లేదు. పందులు పగలంతా ఆపక్క నిద్రపోతాయి, పొద్దు వాలినాక ఈపక్కకొచ్చి మా చెనిక్కాయలు తింటాయి. అంటే తినేటప్పుడు చూస్తా కూర్చోవాల, నిద్రపోయేటప్పుడు పోయి తరమాల. నియమం ఒకటుంటే చాలు, పాటించేదానికి మాకేం కష్టం? బూడిదోన్ని మంచెకాలికి కట్టేసినాం. మరునాటికి వంకగట్టున పదకొండు సాళ్లు దున్నినట్టు పెళ్లగించేసి ఉన్నాయి. బూడిదోడు మాత్రం కదలకుండా చక్కగా చూసినాడు, వాసన గూడా చూసినాడు. తాడు కొరికిన గుర్తు ఉండింది గాని దాన్ని మేము ఎవరికీ చెప్పలేదు.

ఆ పొద్దే నేనూ రెడ్డెమ్మా బస్సెక్కి ఆఫీసుకు పోయినాం. ఆఫీసరు పరాంకుశం గారు. మంచి మనిషే. మమ్మల్ని కూర్చోమన్నాడు, నీళ్లిప్పించినాడు. గోడ మీద పెద్ద పటం, పదకొండు రంగులు. మా ఊరు పసుపు, మా ఊరి గుట్ట ఆకుపచ్చ.

"సారూ, పందులు ఇప్పుడు పడుతుంటే ఫాల్గుణంలో తరమమంటే ఎట్లా?" అనింది రెడ్డెమ్మ.

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. "చూడమ్మా, కాలం అనేది పటమును అనుసరించి వస్తుంది. పందిని అనుసరించి రాదు. ఒక పంది నిమిత్తం పటం సవరించడం సాధ్యం కాదు."

"ఒకటి కాదు సార్, పద్నాలుగు."

"పద్నాలుగింటికి అసలే సాధ్యం కాదు. తక్కిన పందుల పట్ల వివక్ష అవుతుంది."

"వంకకు ఆపక్క తరమచ్చునంట గదా నాయనా?" అన్నాను నేను.

"నిరభ్యంతరంగా."

"ఆపక్క లేపి తరిమితే అవి మా చేన్లోకే గదా వస్తాయి?"

"అది వలస కిందికి వస్తుంది అవ్వా. దానికి వేరే విభాగం ఉంది."

మా కోడలు కొంగుతో మొగం తుడుచుకుంది. అది చెమటో, ఇంకొకటో తెలియలేదు. పరాంకుశం గారికి గూడా మనసు కరిగినట్టుంది. బల్ల సొరుగులోంచి ఒక పుస్తకం తీసినాడు.

"ఒక మార్గం లేకపోలేదు. నిపుణ శునకముగా ధ్రువీకరించబడిన కుక్కకు కాలనియమం వర్తించదు. ఏ ప్రాంతంలోనైనా, ఏ మాసంలోనైనా తరుమవచ్చు. పరీక్షలో మూడు అంశాలు. ఒకటి, శునకము అడవిపందిని పసిగట్టవలెను. రెండు, దానిని తరిమి చెట్టెక్కించవలెను. మూడు, ఆ చెట్టు కింద నిలబడి ఐదు నిమిషములు ఎడతెగకుండా మొరగవలెను."

రెడ్డెమ్మ ముందుకు వంగి ఆ పుస్తకం పక్క చూసింది.

"పంది చెట్టెక్కుతుందా సార్?" అనింది రెడ్డెమ్మ, మెల్లగా.

"నియమావళిలో ఉంది కదమ్మా."

బయటికొచ్చినాక మస్తానయ్య మమ్మల్ని వరండా మూలకు పిలిచి గుట్టుగా చెప్పినాడు. "అవ్వా, గట్టిగా అనబాక. ఆ పుస్తకం ఏదో దేశానిది. దాంట్లో ఉండేది పంది కాదు. రకూన్ అని ఒక జంతువు. పిల్లికంటే పెద్దది, కండ్ల చుట్టూ మసి పూసుకున్నట్టుంటాదంట, తోకకు గాజులేసినట్టు చారలంట. కుక్క తరిమితే గబగబా చెట్టెక్కేస్తాదంట. ఆ దేశంలో ఒక్కో సీమకు దాన్ని వేటాడేదానికి ఒక కాలం, కుక్కలకు నేర్పేదానికి ఒక కాలం. మా గుమాస్తా రకూన్ అని ఉన్న చోటల్లా కొట్టేసి అడవిపంది అని రాసినాడు. చెట్టును కొట్టేసేది మరిచిపోయినాడు."

"మరి సారుకు చెప్పకూడదా?"

"చెప్పినానవ్వా. సంతకాలైపోయినాయి అన్నాడు."

సంతకాలైపోయినాక పంది చెట్టెక్కాల్సిందే గదా. మేము పరీక్షకు పేరిచ్చి వచ్చినాం.

పరీక్ష భాద్రపదంలో, ఆఫీసు వెనకాల వేపచెట్టు దగ్గర. మా పక్క నుంచి ఇరవై మూడు కుక్కలు వచ్చినాయి. అసలు పందిని తెచ్చేదానికి అడవిశాఖ వాళ్లు ఒప్పుకోలేదంట. అందుకని మస్తానయ్యకు నల్ల కంబళి కప్పి, "నీవు ఈ దినము అడవిపందివి" అని కాగితం మీద ఉత్తర్వు ఇచ్చినారు. పాపం వాడు కంబళిలో గుర్రుగుర్రుమంటా అటూ ఇటూ ఉరికినాడు. ఆ ఎండకు వాని గుర్రులో నిజమైన కష్టం వినపడింది.

ఒక కుక్క పందిని వదిలేసి ఆఫీసు జీపును తరిమింది. జీపు చెట్టెక్కలేదు గాబట్టి దానికి మార్కులు రాలేదు. ఇంకొకటి గుమాస్తా టిఫిను డబ్బాను పసిగట్టింది. పసిగట్టిన అంశం కింద సగం మార్కు ఇస్తామని కాసేపు వాదులాడుకున్నారు. మా బూడిదోడి వంతు వచ్చింది. వాడు కంబళి దగ్గరికి పోయినాడు, వాసన చూసినాడు, తోక ఊపినాడు. మస్తానయ్య మా ఇంటికొచ్చినప్పుడల్లా వానికి బిస్కట్లు పెడతాడు గదా. పంది గబగబా వేపచెట్టెక్కి కూర్చుంది. మావాడు ఆ చెట్టు నీడలో పండుకొని నిద్రపోయినాడు.

"మొరుగుము! మొరుగుము!" అని పరాంకుశం గారు చాలా ప్రోత్సహించినాడు. కొమ్మ మీద పంది గూడా "మొరగరా నాయనా, చీమలు కుడతాండాయి" అని బతిమలాడింది.

మొత్తం ఇరవై మూడూ తప్పినాయి. పదకొండు ప్రాంతాల్లో ఒక్క కుక్క గూడా గెలవలేదని తెలిసింది. అప్పుడు పైన ఒక సంఘం వేసినారు. ఆ సంఘం మూడు వారాలు ఆలోచించి తేల్చిందేమంటే, లోపం కుక్కల్లో లేదు. అడవిపందులకు చెట్టెక్కే అలవాటు క్రమంగా తగ్గిపోయింది. దానికి కారణం, పొలాల్లో చెట్లు పందులకు అనువుగా లేకపోవడం.

ఆ మూడు వారాల్లో మా చేన్లో నాలుగో వంతు పోయింది. రేకుడబ్బాలు కొట్టినాం, పాత చీరలు కట్టినాం, నేను పాటలు గూడా పాడినాను. పందులు నా పాట అయిపోయిందాకా మర్యాదగా నిలబడి తర్వాత తినేవి. ఇంక పన్నెండు దినాలు ఆగితే కాయ పీకచ్చు. రెడ్డెమ్మ పొద్దున్నే పోయి మిగిలిన సాళ్లు చూసొచ్చేది. బెంగుళూరు మాట ఇప్పుడు నవ్వకుండా అంటాండాది.

"మా పెద్దమ్మ కూతురుందత్తా ఆడ. గది చూస్తానంది."

"నోరు ముయ్యి. కాయ ఇంకా భూమిలోనే ఉండాది" అన్నాను. అన్నాను గాని, ఆ పొద్దు నా సంగటి ముద్ద బూడిదోనికే పెట్టేసినాను.

సంఘం తేల్చినాక ఇంకో ఉత్తర్వు వచ్చింది. ప్రతి రైతూ చేనిలో ఒక చెట్టుకు అడవిపంది ఎక్కుటకు వీలైన మెట్లు అమర్చుకోవాల. పంది కాళ్లు పొట్టివి గాబట్టి మెట్టుకు మెట్టుకు మధ్య జానెడుకు మించి ఉండరాదు. చెట్టు లేనివాళ్లు చెట్టు నాటాల, అది పెరిగినాక మెట్లు కొట్టాల. మా చేన్లో మంచె పక్కనే చింతచెట్టుంది. రెడ్డెమ్మ పాత మంచం పట్టెలు నరికి మేకులేసి మెట్లు కొట్టింది. కోపమంతా మేకుల మీద చూపించింది గాబట్టి మెట్లు బాగా గట్టిగా కుదిరినాయి.

వాటిని తనిఖీ చేసేదానికి ఒకనాడు మధ్యాన్నం మూడు గంటలకు పరాంకుశం గారు, వెనకాల ఫైలు సంచీతో మస్తానయ్య వచ్చినారు. మేమిద్దరం మంచె మీద ఉన్నాం. బూడిదోడు కింద మంచెకాలి దగ్గర ఉన్నాడు, వాని తాడు కొస పైన మా చేతికందేటట్టు ముడేసి ఉంది.

ఆయన టేపు పెట్టి ప్రతి మెట్టూ కొలిచినాడు. "భేష్. ఆదర్శవంతమైన చెట్టు" అన్నాడు. తర్వాత పటం విప్పి, "ఈ చెట్టు మూడో ప్రాంతంలోనే ఉన్నదని ధ్రువీకరించుకోవాలి. హద్దురాయి ఎక్కడుంది?" అని అడిగినాడు.

"ఆ వంకలో, కంపలో ఉంది సారూ" అనింది రెడ్డెమ్మ. "ఆడికి పోవద్దండి. ఆడపంది పిల్లల్ని పెట్టుకోని పండుకొనుంది."

"ఈ మాసంలో మూడో ప్రాంతంలో పందులు పిల్లలు పెట్టవమ్మా. పట్టికలో లేదు."

"పట్టికలో లేదు గాని కంపలో ఉంది నాయనా" అన్నాను. ఆయన నవ్వి, టేపు పట్టుకొని కంపలోకి దూరినాడు.

ముందు టేపు బయటికొచ్చింది. తర్వాత పరాంకుశం గారు వచ్చినారు. ఆయన వెనకాల ఆడపంది, దూడంత ఉంది, దాని వెనకాల ఆరు పిల్లలు తోకలెత్తుకొని. మస్తానయ్య సంచీతో సహా ఒక్క దూకున మా మంచె మీదికొచ్చి పడినాడు. పరాంకుశం గారు మాత్రం చింతచెట్టు మెట్లెక్కినారు. జానెడు జానెడు మెట్లు గదా, చకచకా ఎక్కడం చూస్తే ఆ కొలత పెట్టినవాళ్లను మెచ్చుకోవాలనిపించింది. ఆడపంది చెట్టు మొదట్లో నిలబడింది. మొదటి మెట్టును మూతితో ఎత్తి చూసింది. ఎక్కలేదు. బూడిదోడు తాడు తెంచుకోనేటట్టు ఎగిరెగిరి మొరుగుతాండాడు.

"కుక్కను విడవండి! కుక్కను విడవండి!" అని పైనుంచి కేక.

రెడ్డెమ్మ తాడు మీద చెయ్యేసింది. వేసి, ఆపింది.

"ఇప్పుడు శిక్షణ కాలం సార్."

"అమ్మా!"

"చూడచ్చు, వాసన చూడచ్చు. తరమకూడదు. మా కుక్కను స్వాధీనం చేసుకుంటారు. ఉండే చేను గూడా పోతాది."

నేను దాని మొగం చూసినాను. వేళాకోళం కాదు. పెండ్లయి మా ఇంటికొచ్చినాక ఆ పిల్ల ఒకరికి ఎదురు చెప్పడం అదే మొదలు.

కింద పంది చెట్టును ఒకసారి గుద్దింది. చింతాకు జలజలా రాలింది.

"నిపుణ శునకమైతే విడవవచ్చు!" అన్నాడాయన, రెండు చేతుల్తో కొమ్మను కావలించుకొని. "మస్తానయ్యా! ధ్రువపత్రం తీయి! పరీక్ష ఇప్పుడే జరిగినట్టు రాయి!"

మస్తానయ్య సంచీ విప్పి పత్రం తీసి, మోకాలి మీద పెట్టుకొని తీరిగ్గా చదివినాడు. వాడు గూడా ఆఫీసు మనిషే గదా, ఖాళీ వదిలేస్తే వాని మీదికొస్తుంది.

"ఒకటి. శునకము అడవిపందిని పసిగట్టినదా?"

"గట్టినది! గట్టినది!"

"రెండు. తరిమి చెట్టెక్కించినదా?"

"ఎక్కించినది!"

"మూడు. చెట్టు కింద నిలబడి ఐదు నిమిషములు మొరిగినదా? సార్, కుక్క మంచె కింద ఉండాది."

"మంచె చెట్టు పక్కనే కదయ్యా! చెట్టు కిందనే అని భావించవలెను!"

"నాలుగు నిమిషాలే అయింది సార్."

"మస్తానయ్యా!"

"ఐదు అని రాస్తాండాను సార్. ఇంకొక్కటే. చెట్టెక్కిన జంతువు పేరు?"

పరాంకుశం గారు ఇంకో జానెడు పైకి జరిగినాడు. కింద పంది ఆయన్నే చూస్తాండాది. పైనుంచి ఆయన పందిని చూస్తాండాడు. దూరంగా గట్టు మీద మేకలు కాసే గంగులప్ప గూడా నిలబడిపోయి చూస్తాండాడు.

"ఖాళీ వదిలితే పత్రం చెల్లదు సార్" అన్నాడు మస్తానయ్య, చాలా వినయంగా. "మనిషి అని రాసినా చెల్లదు."

పంది ఇంకోసారి గుద్దింది.

"అడవిపంది అని రాయి" అన్నాడు పరాంకుశం గారు, కండ్లు మూసుకొని. "తొందరగా రాయి."

పత్రాన్నీ కలాన్నీ చింతకాయలు రాల్చే దోటి చివర కట్టి అందిచ్చినాం. ఆయన కొమ్మకు పొట్ట ఆనించి సంతకం చేసినాడు. అట్లాంటి చోట గూడా తేదీ వేయడం మరిచిపోలేదు. అదీ చదువంటే. పత్రం కిందికొచ్చింది, మస్తానయ్య ముద్ర కొట్టినాడు, రెడ్డెమ్మ చదువుకొని రెండుగా మడిచి జాకెట్టులో పెట్టుకుంది. అప్పుడు తాడు విప్పింది.

"ఉస్కో, బూడిదా!"

మూడు నెలల కోపం వాని కాళ్లలో ఉంది. ఆడపంది ఒకసారి తిరిగి చూసి, పిల్లల్ని ముందర పెట్టుకొని వంకలోకి దిగింది. నాలుగో ప్రాంతంలోకి పోయిందాకా మావాడు వెంటపడి వదిలిపెట్టి, నాలిక వేలాడేసుకొని తిరిగొచ్చినాడు. వచ్చి చూస్తే మా చింతచెట్టు మీద ఎవరో కొత్త మనిషి. చెట్టు కింద నిలబడి మొరగడం మొదలుపెట్టినాడు. ఎంత పిలిచినా రాలేదు. ఈసారి మస్తానయ్య గడియారం చూసినాడు. సరిగ్గా ఐదు నిమిషాలు, మధ్యలో ఒక్కసారి గూడా ఆపలేదు.

"సార్, ఇప్పుడు పత్రం పూర్తిగా సక్రమం" అన్నాడు.

ఆ పొద్దు నుంచి బూడిదోడు మెడలో నిపుణ శునకమనే బిళ్లతో తిరిగినాడు, ఏ కాలమైనా, వంకకు ఏపక్కయినా. పందులు రెండు దినాలు గుట్ట మీద నుంచి చూసి, వేరే ఊరి దారి పట్టినాయి. ముందే అనుకున్న పన్నెండో నాటికి కాయ పీకినాం. పోయిన నాలుగో వంతు పోగా మిగిలింది మిద్దె నిండా పరిచింది రెడ్డెమ్మ. ఆ రాశి మధ్యలో కూర్చుని కాయలు చెవి దగ్గర పెట్టుకొని గలగలా ఆడిస్తా ఉంటే, "ఏందే, పిచ్చి పట్టిందా?" అన్నాను. "బెంగుళూరులో అక్కకు ఫోను చెయ్యాలత్తా, గది వద్దని" అనింది. చెప్పింది గాని లేవలేదు, ఇంకో పిడికెడు తీసి ఆడించింది.

పరాంకుశం గారి నివేదిక పైకి పోయింది. పదకొండు ప్రాంతాల్లో అడవిపందిని చెట్టెక్కించిన కుక్క మాదొక్కటేనంట. ఆయనకు పెద్ద పదవి ఇచ్చి, చెట్టు లేని చోట మేడ మీద కూర్చోబెట్టినారు. మాకేమో అన్ని పక్కల నుంచీ రైతులు రావడం మొదలైంది. చెరుకు వాళ్లు, రాగి వాళ్లు, మొక్కజొన్న వాళ్లు, తాడుకు కట్టిన కుక్కల్ని వెంటబెట్టుకొని. బూడిదోన్ని చుట్టూ తిరిగి చూస్తారు, పండ్లు చూస్తారు, కాలిగోర్లు చూస్తారు.

"ఏం తినిపించినావవ్వా? ఎట్లా నేర్పించినావు? మా కుక్కలకూ చెట్టెక్కించేది చెప్పవ్వా" అని బతిమలాడతారు.

పాపం, వాళ్లవీ చేన్లే గదా. దాచిపెట్టుకోకుండా నాకు తెలిసింది చెప్పి పంపిస్తాండాను.

"కుక్కకు మీరేం నేర్పబల్లేదు నాయనా. మెట్లు మాత్రం గట్టిగా కొట్టుకొని, ఆఫీసర్ని తనిఖీకి పిలుచుకోండి."